తెగిపోయే ఒత్తులు, తెరుచుకోని పేజీ: ఫిగ్మా నుంచి ఫోను దాకా

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఈ పనిలోకి వచ్చి రెండేళ్లయింది. ఒక తెలుగు కథల మాసపత్రికకు సైటు చేశారు. ఫిగ్మాలో (సైటు ఎలా ఉండాలో ముందుగా గీసే టూల్) గీసి చూపించినప్పుడు సంపాదకుడు గారికి బాగా నచ్చింది. ఇప్పుడు ఆయన మూడు ఫిర్యాదులు చేస్తున్నారు. శీర్షికల్లో ఒత్తులు తెగుతున్నాయి, ఫోన్లో పేజీ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు, వెతికితే ఉన్న కథ కూడా దొరకడం లేదు. ఫిగ్మా వదిలేసి వేరే టూల్‌తో మొత్తం మళ్లీ గీయాలా, మీరైతే ఏం వాడతారు అని అడిగారు.

మళ్లీ గీయకండి. టూల్ మార్చినా ఈ మూడూ మళ్లీ వస్తాయి, ఎందుకంటే వీటిలో ఒక్కటి కూడా ఫిగ్మా చేసిన తప్పు కాదు. నేను 2008 నుంచి ఈ పని చేస్తున్నాను, ఎక్కువగా తెలుగు సైట్లే. ఒక్కో సైటుకి ఒక నోటుపుస్తకం పెట్టుకుంటాను: ఏ తేదీన ఏం మార్చాను, అంతకుముందు ఎలా ఉంది, ఆ తర్వాత ఎలా ఉంది. మీ ప్రశ్న చదివాక పాతవి తిరగేశాను. మీరు చెప్పిన మూడూ వాటిలో ఉన్నాయి, అందులో కొన్ని నేను చేతులారా చేసినవే.

ముందు ఒత్తుల సంగతి. "ఫిగ్మాలో బాగానే ఉంది, సైటులోనే తెగింది" అన్నారు కదా, గుట్టు ఆ మాటలోనే ఉంది. ఫిగ్మాలో లైన్ హైట్ (ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తు) అక్షరం సైజుకు 120 శాతం, అంటే 1.2 పెట్టినా, ఒత్తు ఆ హద్దు దాటి కిందికి దిగితే దిగనిస్తుంది, దేన్నీ కోయదు. సైటులో మాత్రం కథల కార్డుల మీద శీర్షిక రెండు వరుసలు దాటకూడదని లైన్ క్లాంప్ పెట్టి ఉంటారు. దానికి ఓవర్‌ఫ్లో హిడెన్ తప్పనిసరి. అంటే పెట్టె దాటిన ముక్కనల్లా బ్రౌజర్ కత్తిరిస్తుంది. ఇంగ్లీషులో కిందికి దిగేవి జీ, వై లాంటి కొద్ది అక్షరాల తోకలే, కాబట్టి 1.2 సరిపోతుంది. మనకు పైన గుడి, కింద ఒత్తు, దాని కింద ఇంకో ఒత్తు. "రాష్ట్రం", "జ్యోత్స్న" లాంటి మాట రెండో వరుసలో పడిందంటే అడుగు పోయినట్టే.

లైన్ హైట్ శీర్షికలకు 1.5, కథ నడిచే భాగానికి 1.7 లేదా 1.8 పెట్టండి. కార్డు శీర్షిక కింద కొద్దిగా ప్యాడింగ్ (ఖాళీ చోటు) ఇవ్వండి, 0.15 ఈఎమ్, అంటే అక్షరం సైజులో 0.15 వంతు చాలు. ఎక్కువ ఇస్తే దాచిన మూడో వరుసలోని గుడులు ఆ సందులోంచి తొంగి చూస్తాయి, అది ఇంకో ఫిర్యాదు. హోమ్ పేజీలో పత్రిక పేరుకు రెండు రంగులు కలిసే గ్రేడియంట్ గనక వేసి ఉంటే అక్కడ కూడా ఇదే జబ్బు ఉంటుంది. అక్షరంలో కనిపించే రంగు నిజానికి పెట్టె వెనక వేసిన రంగు. పెట్టె దాటిన ఒత్తుకు ఆ రంగు అందదు, కాబట్టి కనిపించదు. ఇది పట్టుకోవడానికి నాకు ఒకప్పుడు సగం రోజు పట్టింది. ఫాంటు పాడైందనుకుని మూడు ఫాంట్లు మార్చి చూశాను.

లైన్ హైట్ అసలు రాయకుండా వదిలేయడం కూడా తెలుగులో ప్రమాదమే. అప్పుడు బ్రౌజర్ ఫాంటులో రాసి ఉన్న కొలతలు తీసుకుంటుంది, అవి ఒక్కో తెలుగు ఫాంటులో ఒక్కో తీరుగా ఉంటాయి. ముందు ఫోనులోని ఫాంటు కనిపించి తర్వాత మీ ఫాంటు దిగగానే పేజీ మొత్తం ఒక్కసారి ఎగిరిపడుతుంది. అంకె రాసేస్తే ఆ గెంతు చాలావరకు తగ్గుతుంది.

అక్షరాల మధ్య దూరం సున్నా చేసేయండి. ఇంగ్లీషు శీర్షికలు బిగుతుగా కనిపించాలని మైనస్ 2 శాతం పెట్టడం ఫిగ్మా టెంప్లేట్లలో ఫ్యాషన్. తెలుగులో పక్కకు సాగే య ఒత్తు వెళ్లి తర్వాతి అక్షరాన్ని గుద్దుతుంది.

బోల్డ్ గురించి కూడా చూసుకోండి. సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి: రామభద్ర, మండలి, మల్లన్న, గిడుగు వగైరా. వాటి వల్ల మనకు జరిగిన మేలు అంతా ఇంతా కాదు. కానీ వీటిలో ఒక్కోదానికి ఒకే మందం. మండలికి మీరు బోల్డ్ అని రాస్తే బోల్డ్ ఫాంటు లేదు కాబట్టి బ్రౌజరే అక్షరానికి సొంతంగా మసి పూస్తుంది. థ పొట్టలో చుక్క మూసుకుపోతుంది, చిన్న సైజులో మ, వ తేడా తెలియదు. నిజంగా రెండు మూడు మందాలు కావాలంటే నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు, హింద్ గుంటూరు ఉన్నాయి. కథ చదివేందుకు నోటో సెరిఫ్ తెలుగు నాకిష్టం, అది రుచికి సంబంధించిన మాట. ఇటాలిక్ మాత్రం ఆపేయండి. తెలుగు అచ్చులో దానికి అలవాటు లేదు, బ్రౌజర్ బలవంతంగా వంచిన అక్షరం గాలివానకు ఒరిగిన తాటిచెట్టులా ఉంటుంది.

ఇక ఇదంతా ఫిగ్మాలోనే ఎందుకు బయటపడలేదు? మీరు పంపిన ఫిగ్మా స్క్రీన్ షాట్ చూశాను. కార్డులన్నిటి మీద "కథ పేరు", కింద "రచయిత పేరు", ఆ కింద లోరెమ్ ఇప్సమ్ (చోటు నింపడానికి వేసే అర్థం లేని మాటలు). "కథ పేరు" అనే మాటలో ఒక్క ఒత్తు కూడా లేదు. నాలుగు అక్షరాలు, ఎక్కడైనా పడతాయి. నేను ఇప్పుడు ఏ డిజైన్ మొదలుపెట్టినా ముందు ఒక పరీక్ష పేజీ పెట్టుకుంటాను. అందులో "ధృతరాష్ట్ర కౌగిలి" ఉంటుంది, "జ్యోత్స్న" ఉంటుంది, "శ్రీ" ఉంటుంది. "ఊరు" లాంటి రెండక్షరాల శీర్షిక ఒకటి, మూడు వరుసలు దాటే శీర్షిక ఒకటి, తెలుగూ ఇంగ్లీషూ అంకెలూ కలిసిన వాక్యం ఒకటి. పత్రిక సైటు కాబట్టి మీరు పాత సంచికల విషయసూచిక తీసుకుని అందులోని ఇరవై శీర్షికలు దింపేస్తే చాలు.

బటన్ల మాట కూడా అదే. ఇంగ్లీషులో గీసి ఆఖర్న తెలుగు చేస్తే "చందాదారులుగా నమోదు చేసుకోండి" అని వచ్చి 360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోనులో మూడు వరుసలు అవుతుంది. ఆ చోట "చందా కట్టండి" అంటే అయిపోతుంది. మాటలు ముందు రాసి, పెట్టె తర్వాత గీయండి. లాగిన్‌ని మాత్రం లాగిన్ అనే ఉంచండి. దాన్ని "ప్రవేశం" చేసిన ఒక సైటులో పాఠకులు బయటే నిలబడిపోయారు.

మీరు అడగలేదు కానీ సైటు స్క్రీన్ షాట్‌లో ఇంకోటి కనిపించింది. కథ పరిచయం చివర "…మంత్" అని ఆగిపోయింది. అది మంత్రి అయి ఉండాలి. మీ కోడ్‌లో మొదటి 100 అక్షరాలు తీసుకో అని రాసి ఉంటారు. ఇక్కడ అక్షరం అంటే మనం బళ్లో నేర్చుకున్న అక్షరం కాదు. కంప్యూటర్ లెక్కలో "మంత్రి" ఆరు ముక్కలు: మ, సున్నా, త, పొల్లు, ర, గుడి. ఐదో ముక్క దగ్గర కోస్తే "మంత్ర", నాలుగో దగ్గర "మంత్", మూడో దగ్గర "మంత". "స్త్రీ" చూడటానికి ఒక్క అక్షరం, లెక్కలో అదీ ఆరే. నేను 2014లో ఒక చిన్న వార్తల సైటుకి ఇలాగే కోసి, హోమ్ పేజీ మీద "రేపు జిల్లాకు మంత్ర…" అని పెట్టాను. యజమాని ఫోన్ చేసి "ఏం మంత్రమండీ?" అన్నాడు.

తేలికైన మందు: కోయాల్సిన చోటు నుంచి వెనక్కి నడిచి, ఖాళీ కనిపించిన చోట ఆగండి. మాట మధ్యలో ఎప్పుడూ ఆగొద్దు. అక్షరాలే లెక్కపెట్టాల్సి వస్తే జావాస్క్రిప్ట్‌లో ఇంటిల్ సెగ్మెంటర్ (మాటను అక్షరాలుగా విడదీసే సదుపాయం) ఉంది, అయితే దాన్నీ గుడ్డిగా నమ్మకండి. పొల్లు తర్వాత వచ్చే హల్లును ముందు దానితో కలిపే ఉంచాలన్న నియమం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే ప్రమాణం) 15.1లో, అంటే 2023లో గానీ రాలేదు. అంతకుముందు రాసిన లైబ్రరీలు "స్త్రీ"ని మూడు ముక్కలు చేస్తాయి. శీర్షిక ఒక్కో అక్షరంగా టైపవుతున్నట్టు కనిపించే యానిమేషన్లు కూడా ఈ కారణంతోనే తెలుగులో భ్రష్టు పడతాయి. గుడి విడిగా పడి, దాని పక్కన చుక్కల వలయం కనిపిస్తుంది. మీ హోమ్ పేజీలో అలాంటిది ఉంటే తీసేయండి, ఎవరూ వెతుక్కోరు.

వెతుకులాట విషయానికి వస్తే, ఇది మూడింట్లోకీ నాకు ఇష్టమైన సమస్య, ఎందుకంటే తప్పు కంటికి కనిపించదు. "హెడ్‌మాస్టర్" అని టైపు చేసేటప్పుడు డ కింద మ ఒత్తుగా మారకుండా ఉండాలంటే మధ్యలో ఒక కనపడని గుర్తు పడాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వేయవు, చాలామందికి అదొకటి ఉందనే తెలియదు. సంపాదకుడు గారు ఆ గుర్తుతో "హెడ్‌మాస్టర్" అని ఎక్కించారు, పాఠకుడు అది లేకుండా "హెడ్మాస్టర్" అని వెతికాడు. డేటాబేస్‌కి అవి రెండు వేరు మాటలు, ఫలితాలు సున్నా.

చూపించే శీర్షికలోంచి ఆ గుర్తు తీయకండి, తీస్తే అక్షరం మారిపోతుంది. వెతకడానికి పక్కన ఇంకో కాలమ్ పెట్టి, అందులో ఆ గుర్తు తీసేసిన రూపం దాచండి. పాఠకుడు టైపు చేసిన మాటలోంచీ అలాగే తీసి, అప్పుడు పోల్చండి. అదే సమయంలో రెండింటినీ యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ రూపానికి మార్చండి, అంటే ఒకే అక్షరాన్ని రెండు తీరులుగా రాసి ఉంటే ఒకే తీరుకు తెచ్చే రూపం. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ (పైన ముక్క అన్నది దీన్నే) రాయవచ్చు, ఎత్వం ప్లస్ దాని కింది గుర్తుగా రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి ఒకటే, యంత్రానికి రెండు. ఇక తరువాత, తర్వాత; చేయడం, చెయ్యడం లాంటి జంటలకు చిన్న పట్టిక ఒకటి రాసుకోవచ్చు, కానీ అది రెండో విడతలో. మొదటి విడతలోనే చేయాల్సింది, ప్రతి కథకూ రచయిత పేరూ శీర్షికా ఇంగ్లీషు అక్షరాల్లో కూడా ఎక్కించడం. మన వాళ్లలో ఎంతోమంది ఫోనులో తెలుగు కీబోర్డు ఉన్నా "katha" అని ఇంగ్లీషు అక్షరాలతోనే కొడతారు. వాళ్లను మార్చడం మన పని కాదు.

ఆ ఇంగ్లీషు రూపం ఇంకో చోట కూడా పనికొస్తుంది. మీ సైటు వర్డ్‌ప్రెస్ (సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) మీద ఉందన్నారు. తెలుగు శీర్షిక నుంచి అది లింకు తయారు చేసినప్పుడు ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు, ఒక్కో బైటు శాతం గుర్తుతో మూడు గుర్తులు, అంటే ఒక్క సంకేతానికి తొమ్మిది. "స్త్రీ" ఒక్కటే 54 గుర్తులు. వర్డ్‌ప్రెస్ లింకు పేరుకు ఇచ్చే చోటు 200. కాబట్టి 22 సంకేతాలు దాటగానే శీర్షిక తెగుతుంది, ఒకేలా మొదలయ్యే రెండు కథల లింకులకు చివర 2, 3 అని అంకెలు తగిలించుకుంటూ పోతుంది. వాట్సాప్‌లో పంపితే ఆ శాతాల దండ చూసి ఇదేదో మోసం లింకు అనుకుంటారు. కొత్త కథలకు చిన్న ఇంగ్లీషు లింకు పేర్లు పెట్టండి. పాత వాటిని మారిస్తే మాత్రం పాత చిరునామా నుంచి కొత్తదానికి 301 దారి మళ్లింపు పెట్టడం మరవకండి.

ఇప్పుడు టీ తాగి వచ్చే సంగతి. మీరు ఇచ్చిన వివరాల్లోనే జవాబు ఉంది: హోమ్ పేజీలో ఐదు బొమ్మల స్లైడర్, ముఖచిత్రాలు పీఎన్‌జీలో, నాలుగు తెలుగు ఫాంట్లు. ముఖచిత్రాలు రంగుల బొమ్మలు, వాటికి పీఎన్‌జీ తగదు. వెబ్‌పీ లేదా అవిఫ్‌లోకి మార్చండి, స్క్వూష్ అనే ఉచిత టూల్ బ్రౌజర్లోనే మార్చిపెడుతుంది, ఎడమా కుడీ పోల్చి చూసుకోవచ్చు. ఫోనులో 360 పిక్సెళ్ల చోటులో కనిపించే బొమ్మకు 3000 పిక్సెళ్ల ఫైలు పంపకండి, రెండు మూడు సైజులు చేసి, బ్రౌజర్ తనకు సరిపోయేది ఎంచుకునేలా సోర్స్ సెట్‌లో ఇవ్వండి. ప్రతి బొమ్మకూ వెడల్పు, ఎత్తు రాయండి, లేకపోతే బొమ్మ దిగగానే కింద చదువుతున్న వాక్యం జారిపోతుంది. ఇంకో మాట, లేజీ లోడింగ్ (బొమ్మ దగ్గరికి వచ్చేదాకా దాన్ని దింపకపోవడం) మంచిదని చదివి అన్నిటికీ పెట్టేస్తారు. పేజీ తెరవగానే పైన కనిపించే బొమ్మకు పెట్టకూడదు. అది త్వరగా రావాల్సిన బొమ్మ, దాన్నే మనం ఆగమంటున్నాం.

స్లైడర్ విషయంలో సంపాదకుడు గారితో వాదన తప్పదు. నేను ఎన్నోసార్లు వాదించాను, సగం సార్లు ఓడిపోయాను. ఓడిపోయినప్పుడు కనీసం మొదటి బొమ్మను మామూలు బొమ్మగా పెట్టి, మిగతావి వేలితో జరిపితేనే దిగేలా చేస్తాను.

ఫాంట్లు రెండుకు తగ్గించండి. తెలుగు ఫాంటు బరువు ఇంగ్లీషు దానికన్నా ఎక్కువ, గుణింతాలూ ఒత్తులూ వాటి కలయికలూ అందులో ఉండాలి కాబట్టి. బరువు తగ్గించాలని మీరే ఫాంటును కత్తిరిస్తే రెండు జాగ్రత్తలు: అక్షరాలు కలిసే నియమాల పట్టికలు పోకూడదు, పైన చెప్పిన కనపడని గుర్తు పోకూడదు. అసలు కథ భాగానికి వెబ్ ఫాంటే అక్కర్లేదేమో ఆలోచించండి. ఆండ్రాయిడ్‌లో నోటో, విండోస్‌లో నిర్మల, ఐఫోన్లో కోహినూర్ తెలుగు ఉన్నాయి. తెలుగు బదులు డబ్బాలు కనిపించిన రోజులు పోయాయి. నేను చివరగా చేసిన రెండు సైట్లలో శీర్షికలకే ఫాంటు దింపాను, మిగతాదంతా ఫోను సొంత ఫాంటే.

రంగు ఒకటి చెప్పి టూల్స్‌కి వస్తాను. రచయిత పేర్లు లేత బూడిద రంగులో ఉన్నాయి, #999. తెల్లటి నేపథ్యం మీద దాని కాంట్రాస్టు (రంగుల మధ్య తేడాకు కొలత) 2.85 మాత్రమే, మామూలు సైజు అక్షరాలకు ఉండాల్సింది కనీసం 4.5. #767676కి మారిస్తే హద్దు దాటుతుంది. పత్రిక చదివేవాళ్లలో కళ్లజోళ్లు ఎక్కువని సంపాదకుడు గారికి గుర్తు చేయండి, రచయితలకైతే చెప్పక్కర్లేదు, తమ పేరు ముదురుగా కనిపిస్తే ఎవరు కాదంటారు.

టూల్స్. ఫిగ్మానే ఉంచుకోండి. పెన్‌పాట్ ఓపెన్ సోర్స్, మీ సర్వర్ మీదే నడుపుకోవచ్చు, తీరిక ఉన్నప్పుడు నేర్చుకోండి. స్కెచ్ యాప్ మ్యాక్ మీదే నడుస్తుంది, కాబట్టి మ్యాక్ లేకపోతే మీకు పనికిరాదు. నేను కొన్నాళ్లు అడోబీ ఎక్స్‌డీ వాడాను, దాన్ని ఆ కంపెనీ విడిగా అమ్మడం 2023లో ఆపేసింది. 2022 సెప్టెంబరులో అదే అడోబీ ఫిగ్మాను 2,000 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించి, 2023 డిసెంబరులో విరమించుకుంది. ఆ పదిహేను నెలలూ మాలో చాలామందికి టెన్షనే. అప్పటి నుంచి పని పూర్తయిన ప్రతి డిజైన్‌నీ ఎస్‌వీజీగానూ పీడీఎఫ్‌గానూ దించి దాచుకుంటున్నాను. లోగోలు సరిచేయడానికి ఇంక్‌స్కేప్. పాత ఫోటోషాప్ వెర్షన్లలో తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తే ప్రిఫరెన్సుల్లో టైప్ కింద దక్షిణాసియా భాషల ఇంజిన్ ఎంచుకున్నారో లేదో చూడండి, చాలాసార్లు అదే.

వీటన్నిటికన్నా నాకు ఎక్కువ పనికొచ్చింది సొరుగులో ఉన్న ఒక పాత చవక ఆండ్రాయిడ్ ఫోను. తెర మీద గీత పడింది, అయినా పారేయలేదు. ఏ మార్పు చేసినా మొబైల్ డేటా మీద అందులో తెరిచి చూస్తాను. మీరు ఫిగ్మాలో రంగులూ పెట్టెల అమరికా వరకు తేల్చుకుని, అక్కడి నుంచి అసలు కథలతో బ్రౌజర్లోకి వచ్చేయండి.

అచ్చు పత్రిక తయారు చేసే డీటీపీ ఆపరేటర్ మీకు మ్యాటర్ ఏ రూపంలో ఇస్తున్నాడో కూడా కనుక్కోండి. అను ఫాంట్లలో కొట్టినదైతే అది యూనికోడ్ కాదు, సైటులో పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి. అందుకే కొందరు శీర్షికను బొమ్మగా చేసి ఇస్తారు. బొమ్మలోని మాట వెతికితే దొరకదు, కళ్లు కనిపించనివారి ఫోను దాన్ని చదవలేదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఆ తర్వాత మనిషి ఒకసారి ప్రూఫ్ చూడాలి, ఒత్తుల దగ్గర కన్వర్టర్లు తడబడతాయి. అలాగే పేజీ భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్ మొదట్లో లాంగ్ దగ్గర రాయండి. టెంప్లేట్ నుంచి వచ్చిన ఇంగ్లీషు కోడ్ అక్కడే ఉండిపోయిన తెలుగు సైట్లు నేను లెక్కలేనన్ని చూశాను. స్క్రీన్ రీడర్ తెలుగు గొంతు ఎంచుకోవాలా, ఇంగ్లీషు గొంతా అన్నది దాన్ని చూసే.

పనులు ఒక్కొక్కటిగా చేయండి, ప్రతిదానికీ ముందూ వెనకా పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ (పేజీ వేగం కొలిచే గూగుల్ టూల్) అంకెలు రాసుకోండి. చూడాల్సినవి మూడు: పెద్ద బొమ్మ లేదా శీర్షిక కనిపించడానికి 2.5 సెకన్ల లోపు, వేలు పెట్టాక స్పందనకు 200 మిల్లీసెకన్ల లోపు, పేజీ కదలిక 0.1 లోపు. పైభాగంలో చూపించే అంకెలు నిజమైన పాఠకులవి, గత 28 రోజులవి కలిపి. సైటు చిన్నదైతే అక్కడ ఏమీ ఉండదు. ఉంటే మాత్రం మీరు సోమవారం స్లైడర్ తీసేసినా మంగళవారం ఆ అంకె దాదాపు కదలదు. కింద ఉన్న పరీక్ష అంకెలు వెంటనే మారతాయి. సంపాదకుడు గారికి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే మూడో రోజు ఫోన్ చేసి "ఏం తేడా రాలేదేమండీ" అంటారు.